పెర్ఫార్మెన్స్ కార్లలో వెనక డిస్కు బ్రేకులు: లోపాలు, గుర్తులు, మరమ్మతు

బ్రేకు తొక్కగానే కారు బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది. వెనక బ్రేకులకు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయంలోనే మొదలవుతాయి. 1500 కిలోల కారును తీసుకుందాం. నిలిచి ఉన్నప్పుడు ముందు 825 కిలోలు, వెనక 675 కిలోలు ఉంటుంది. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తులో, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో గట్టిగా ఆపితే దాదాపు 290 కిలోల బరువు వెనక నుంచి ముందుకు మారుతుంది. వెనక టైర్ల మీద మిగిలేది 390 కిలోల లోపే. అంటే మొత్తం బ్రేకింగ్‌లో వెనక చక్రాలు చేయగలిగింది నాలుగో వంతు. అదే కారును వాన పడ్డ రోడ్డు మీద నెమ్మదిగా ఆపితే మారే బరువు తగ్గుతుంది, వెనకవాటి వాటా మూడో వంతు దాటుతుంది. ఒకే కారులో, ఒకే రోజు, వెనక బ్రేకు చేయాల్సిన పని ఇంతగా మారుతుంటుంది.

వేగం పెరిగేకొద్దీ ఈ లెక్క బరువెక్కుతుంది. ఆ కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మోసుకెళ్లే శక్తి సుమారు 580 కిలోజౌళ్లు. 200కు చేరితే దానికి నాలుగింతలు. ఆ శక్తినంతా కొన్ని సెకన్లలో డిస్కులు వేడిగా మార్చుకోవాలి. డ్రమ్ బ్రేకు వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పట్టు సడలుతుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది, త్వరగా చల్లబడుతుంది. 1953లో జాగ్వార్ సి-టైప్ డన్‌లప్ డిస్కు బ్రేకులతో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచాక, వేగంగా వెళ్లే కార్లకు డిస్కులే దారి అన్న విషయంలో పెద్దగా వాదన మిగల్లేదు.

అయితే ముందు చక్రాలకు డిస్కు అమర్చడం ఒక పని, వెనక చక్రాలకు అమర్చడం వేరే పని. కారణం హ్యాండ్ బ్రేకు. డ్రమ్ములో షూలను ఒక తీగ లాగితే చాలు, అవి తమంతట తామే మరింత బిగుసుకుంటాయి. డిస్కుకు ఆ గుణం లేదు, ఎంత నొక్కితే అంతే పట్టు. అందుకే వెనక డిస్కు ఉన్న ప్రతి కారులోనూ, నిలిపి ఉంచడానికి ఇంకో యంత్రాంగాన్ని ఎక్కడో ఒకచోట ఇరికించాల్సి వచ్చింది. దాన్ని క్యాలిపర్ లోపలే పెట్టడం ఒక పద్ధతి. డిస్కు మధ్య భాగాన్ని చిన్న డ్రమ్ములా మలిచి అందులో షూలు పెట్టడం రెండోది. ఎలక్ట్రిక్ మోటారు తగిలించడం మూడోది. వెనక బ్రేకుల ఫిర్యాదుతో వచ్చిన కారులో ఈ మూడింట్లో ఏది ఉందో తెలుసుకోకుండా వీల్ స్పానర్ పట్టుకోకూడదు.

మర తిరిగే పిస్టన్

హ్యాండ్ బ్రేకు క్యాలిపర్‌లోనే ఉన్న రకంలో పిస్టన్ లోపల మరలున్న కడ్డీ ఒకటి ఉంటుంది. లివర్ లాగితే కేబుల్ ద్వారా క్యాలిపర్ వెనకున్న చిన్న చెయ్యి తిరుగుతుంది, కడ్డీ పిస్టన్‌ను డిస్కు వైపు తోస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ఆ మర మీద కొంచెం కొంచెంగా ముందుకు జరిగి, ఏర్పడిన ఖాళీని తనే సర్దుకుంటుంది.

కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు ఈ పిస్టన్‌ను వెనక్కి పంపాలి. ముందు క్యాలిపర్‌కు అలవాటుపడ్డ చెయ్యి సి-క్లాంప్ తీసి నొక్కేస్తుంది. వెనక పిస్టన్ అలా పోదు. ఎక్కువ బలం పెడితే లోపలి సర్దుబాటు యంత్రాంగం విరుగుతుంది, ఆ క్యాలిపర్ ఇక పనికిరాదు. పిస్టన్ ముఖం మీదున్న గాట్లలో సరిపడే టూల్ పెట్టి, మెల్లగా నొక్కుతూ తిప్పాలి. చాలా కార్లలో కుడివైపు తిప్పితే లోపలికి పోతుంది. కొన్నింటిలో ఒక పక్క క్యాలిపర్‌ది ఎడమ మర. కాబట్టి తిప్పినా కదలకపోతే బలం పెంచడం కంటే దిశ మార్చి చూడటం మేలు. పిస్టన్ లోపలికి పోయాక దాని గాట్లు ఎటు తిరిగి ఉన్నాయో కూడా చూడాలి. లోపలి ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటే, అది సరిగ్గా గాటులో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా నిలిచి ఒక పక్కే అరుగుతుంది, పెడల్ ఎప్పటికీ గట్టిపడదు.

ఈ రకంలో చాలామందిని తిప్పలు పెట్టిన ఉదాహరణ అమెరికాలో జనరల్ మోటార్స్ తయారు చేసిన షెవ్రొలే కమారో, పాంటియాక్ ఫైర్‌బర్డ్ కార్లది. 1982 నుంచి 1988 వరకు వెనక డిస్కులు కోరుకున్న కొనుగోలుదారులకు పోత ఇనుప డెల్కో మొరైన్ క్యాలిపర్లు వచ్చాయి. వాటిలో ప్యాడ్ అరుగుదలను సర్దుకునే పని హ్యాండ్ బ్రేకు వాడినప్పుడే జరుగుతుంది. ఆటోమేటిక్ గేరు కార్ల యజమానులు లివర్‌ను పార్క్‌లో పెట్టి దిగిపోతారు, హ్యాండ్ బ్రేకు ముట్టుకోరు. నెలలు గడిచేకొద్దీ ప్యాడ్‌కు, డిస్కుకు మధ్య ఖాళీ పెరుగుతుంది. పెడల్ తొక్కినప్పుడు మొదటి సగం దూరం ఆ ఖాళీ నింపడానికే ఖర్చవుతుంది. యజమాని మాస్టర్ సిలిండర్ మారుస్తాడు, ఎయిర్ తీయిస్తాడు, పెడల్ మాత్రం కిందికే పోతుంది. ఈలోగా వాడని లివర్ల ఇరుసులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ఎప్పుడైనా హ్యాండ్ బ్రేకు లాగితే అది పడుతుంది గానీ వదలదు. 1989లో కంపెనీ ఆ క్యాలిపర్లను వదిలి పీబీఆర్ అల్యూమినియం క్యాలిపర్లకు మారింది.

పెడల్ కిందికి పోతోందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. హ్యాండ్ బ్రేకును రెండు మూడు క్లిక్కులు లాగి ఉంచి, పెడల్ తొక్కి చూడాలి. పెడల్ ఒక్కసారిగా పైకి వచ్చి గట్టిగా తగిలితే లోపం వెనక క్యాలిపర్ల సర్దుబాటులో ఉన్నట్టు. తేడా ఏమీ లేకపోతే అప్పుడు గాలి, మాస్టర్ సిలిండర్ల గురించి ఆలోచించాలి. సర్దుబాటు తప్పిన క్యాలిపర్‌ను దారికి తేకుండా, దానికి బదులు కేబుల్‌ను బిగించి హ్యాండ్ బ్రేకును పైకి తెచ్చుకునేవారున్నారు. ఇది ప్రమాదకరమైన పని. కేబుల్ బిగుతుగా ఉంటే క్యాలిపర్ మీది చెయ్యి తన విశ్రాంతి స్థానానికి తిరిగి రాదు, రాకపోతే లోపలి యంత్రాంగం సర్దుకోదు, ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. ముందు క్యాలిపర్, ఆ తర్వాతే కేబుల్. ఈ వరస మారకూడదు.

డిస్కు కడుపులో డ్రమ్ము

పోర్షే 911 మొదలైన నాటి నుంచి నాలుగు చక్రాలకూ డిస్కులతో వచ్చింది. ఇంజను వెనక ఉన్న కారు కాబట్టి దాని వెనక బ్రేకులకు మిగతా కార్లకంటే ఎక్కువ పని ఉంటుంది. నిలిపి ఉంచడానికి వెనక డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము, దానిలో షూలు పెట్టారు. బీఎండబ్ల్యూ స్పోర్ట్స్ కార్లలో చాలావాటిదీ ఇదే పద్ధతి. నడక బ్రేకుకూ నిలుపుదల బ్రేకుకూ సంబంధం ఉండదు కాబట్టి క్యాలిపర్ తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. నాలుగు పిస్టన్ల స్థిర క్యాలిపర్లు వాడుకోవచ్చు.

దీని బలహీనత ఏమిటంటే ఆ షూలు కారు కదులుతుండగా ఎప్పుడూ రాపిడికి లోనుకావు. అరగవు, పాలిష్ కావు, తుప్పు పొర కింద అలాగే ఉంటాయి. కొత్త షూలు వేశాక తక్కువ వేగంలో హ్యాండ్ బ్రేకును కొద్దిగా లాగి కొంత దూరం నడిపి వాటిని కుదుర్చుకోకపోతే ఏటవాలు రోడ్డు మీద కారు నిలవదు. అరిగిన డిస్కు తీయడానికి వెళ్తే అది రాకపోవడం ఇంకో సమస్య. లోపలి డ్రమ్ము అంచులో తుప్పు గట్టు కట్టి షూలను పట్టుకుంటుంది. సుత్తి దెబ్బలతో లాగితే షూల పిన్నులు ఊడిపోతాయి. డిస్కు ముఖం మీద లేదా వెనక పళ్లెంలో ఉన్న రంధ్రం గుండా స్క్రూడ్రైవర్ పెట్టి, పళ్ల చక్రాన్ని తిప్పి షూలను లోపలికి దించితే డిస్కు దానంతట అదే వస్తుంది.

లీకు లేకుండా చేరే గాలి

వెనక డిస్కుల చరిత్రలో అన్నిటికంటే బోధపరిచే కేసు షెవ్రొలే కార్వెట్‌ది. 1965లో ఆ కారుకు నాలుగు చక్రాలకూ డిస్కులు వచ్చాయి. ఒక్కో చక్రానికి నాలుగు పిస్టన్ల ఇనుప క్యాలిపర్, 11.75 అంగుళాల, గాలి సందులున్న డిస్కు. 1982 వరకు ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు. కొత్తలో ఈ బ్రేకులు అద్భుతంగా పనిచేశాయి. పాతబడ్డాక మాత్రం రెండు జబ్బులు బయటపడ్డాయి.

మొదటిది తుప్పు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి షెడ్డులో ఉంటే ఆ నీరు క్యాలిపర్ అడుగున చేరి ఇనుప గొట్టం గోడను తినేస్తుంది. ఈ క్యాలిపర్లలో సీలు పిస్టన్‌తో పాటు కదులుతుంది, గుంటలు పడ్డ గోడ మీద జారుతూ లీకవుతుంది. కారు ఎంత తక్కువ నడిస్తే లీకు అంత తొందరగా వస్తుంది. కొత్త సీళ్లు వేస్తే కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలు. గొట్టాన్ని తొలిచి స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ దించడమే శాశ్వత మార్గమని మెకానిక్‌లు కనిపెట్టారు, ఇప్పుడు దొరికే పునర్నిర్మిత క్యాలిపర్లు చాలావరకు అలాంటివే.

రెండోది అంత తేలిగ్గా అంతుపట్టదు. ఎక్కడా చుక్క లీకు లేదు, ఎయిర్ తీస్తే పెడల్ గట్టిపడుతుంది, కొన్ని వందల కిలోమీటర్లు నడిపితే మళ్లీ మెత్తబడుతుంది. కారణం డిస్కు వంకర తిరుగుడు. ఈ కార్వెట్ల పిస్టన్ల వెనక చిన్న స్ప్రింగులుంటాయి, అవి ప్యాడ్లను ఎప్పుడూ డిస్కుకు తాకించే ఉంచుతాయి. డిస్కు కొద్దిగా పక్కకు ఊగుతూ తిరిగితే, ప్రతి చుట్టుకూ పిస్టన్లు లోపలికీ బయటికీ కదులుతాయి. సీలు పెదవి ఆకారం ఆయిల్‌ను బయటికి పోనివ్వకుండా ఆపడానికి ఉద్దేశించినది. వేగంగా ఊగే పిస్టన్ వెంట బయటి గాలి లోపలికి దూరడాన్ని అది ఆపలేదు. సైకిల్ పంపులో వాషర్ ఒక దిక్కుకే గాలిని వదిలినట్టు ఈ సీలు కూడా గాలిని లోపలికి మాత్రమే రానిస్తుంది.

మరి డిస్కు ఎందుకు ఊగుతుంది? ఫ్యాక్టరీలో వెనక డిస్కును ఇరుసు ఫ్లాంజికి రివెట్లతో బిగించి, ఆ రెండింటినీ కలిపి ఒకే ముక్కగా లేత్ మీద తిప్పి ముఖం సరిచేశారు. ఇరుసులో ఉన్న చిన్న లోపాన్ని కూడా ఆ కోత సరిదిద్దేది. ఏళ్ల తర్వాత ఎవరో రివెట్లు తొలిచి, హ్యాండ్ బ్రేకు షూలు మార్చి, కొత్త డిస్కును తెచ్చి తగిలిస్తారు. కొత్త డిస్కు విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది. ఇరుసు ముఖంతో కలిసినప్పుడు మాత్రం ఊగుతుంది. బ్రేకు సరిచేద్దామని డిస్కు మార్చిన మనిషే బ్రేకులోకి గాలి పంపే పరిస్థితి తెచ్చాడన్నమాట.

మందు డయల్ గేజి. డిస్కును వీల్ నట్లతో గట్టిగా బిగించి, గేజి మొనను అంచుకు దగ్గరగా ఆనించి, ఒక చుట్టు తిప్పి చదవాలి. 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే నిశ్చింత. 0.13 దాటితే అలా వదిలేయకూడదు. డిస్కును ఒక్కో రంధ్రం చొప్పున తిప్పి బిగించి ఏ స్థితిలో ఊగు తక్కువో చూడటం మొదటి మెట్టు. చాలాసార్లు అంతతోనే సరిపోతుంది. చాలకపోతే పలుచని షిమ్ము పెట్టాలి, లేదా ఇరుసుతో కలిపి లేత్ మీద కోయించాలి. పెదవి సీళ్లకు బదులు ఓ-రింగు సీళ్లున్న పిస్టన్లు వేయడం ఇంకో మార్గం, అవి ఊగును కొంత ఓర్చుకుంటాయి. ఓర్చుకుంటాయి కదా అని డిస్కును కొలవకుండా వదిలేయడం మాత్రం పని తప్పించుకోవడమే.

ఈ కార్ల వెనక క్యాలిపర్‌కు లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, రెండు బ్లీడ్ నిపుల్స్ ఉంటాయి. ఒక్కదాని దగ్గరే ఎయిర్ తీసి ఊరుకుంటే సగం క్యాలిపర్‌లో గాలి మిగిలే ఉంటుంది. ఏ కారులోనైనా కుడి ఎడమ క్యాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైన చిక్కుకుపోతుంది, ఎన్ని సీసాల ఆయిల్ పోసినా పెడల్ గట్టిపడదు. నిపుల్ పైకి ఉందో లేదో చూడటానికి ఒక్క క్షణం చాలు.

జాగ్వార్ ఎంచుకున్న దారి ఇంకా కష్టమైనది. 1961 ఈ-టైప్‌లో వెనక డిస్కులను చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్‌కు ఆనుకుని పెట్టారు. చక్రంతో పాటు ఎగిరిపడే బరువు తగ్గి కారు నడక మెత్తబడింది. కానీ గాలి తగలని ఆ మూలలో డిస్కు వేడి డిఫరెన్షియల్ షాఫ్టు సీళ్లను ఎండగట్టేది. సీలు పగిలితే గేర్ ఆయిల్ నేరుగా డిస్కు మీదే పడుతుంది. ప్యాడ్లు మార్చడానికి కారు కింద పడుకుని చేతులు దూర్చాలి, డిస్కు మార్చాలంటే వెనక సస్పెన్షన్ ఫ్రేమునంతా దించాలి. ఇంత పని కాబట్టే చాలా కార్లలో దాన్ని వాయిదా వేస్తూ వచ్చారు. ఇలాంటి కారు కొనేవారు డిఫరెన్షియల్ పక్కల తడిని టార్చిలైటు వేసి చూడటం తప్పనిసరి. తడి కనిపిస్తే ప్యాడ్లు, సీళ్లు కలిపే మార్చాలి, ఆయిల్ పీల్చిన ప్యాడ్ కడిగినా పనికిరాదు. 1986లో వచ్చిన కొత్త ఎక్స్‌జే6లో ఆ కంపెనీ డిస్కులను చక్రాల దగ్గరికి తెచ్చింది.

పని లేక పాడయ్యేవి

నగరంలో నెమ్మదిగా నడిచే స్పోర్ట్స్ కారులో వెనక ప్యాడ్లు డిస్కును పైపైనే తాకుతాయి. ముందు డిస్కులు అద్దంలా మెరుస్తుంటే వెనకవాటి మీద గోధుమరంగు చారలు కనిపించడం అందుకే. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పు గాలికి ఇది మరీ త్వరగా వస్తుంది. వానాకాలంలో కారు కడిగి హ్యాండ్ బ్రేకు వేసి వారం రోజులు వదిలేస్తే ప్యాడ్ డిస్కుకు అతుక్కుంటుంది. బయలుదేరేటప్పుడు టప్పుమని శబ్దం వచ్చి విడిపోవచ్చు, లేదా ప్యాడ్ పదార్థం ఇనుప పలక నుంచి ఊడి రావచ్చు. ఎక్కువ రోజులు ఉంచాల్సిన కారును చదును నేల మీద, గేరులో పెట్టి, చక్రాలకు చెక్క దిమ్మలు ఆనించి, హ్యాండ్ బ్రేకు వదిలి ఉంచడం మంచిది. కడిగిన వెంటనే కొంత దూరం నడిపి, బ్రేకులు నాలుగైదుసార్లు తొక్కి డిస్కులు ఆరనివ్వాలి.

తుప్పు కంటికి కనిపించేది డిస్కు మీద. హాని ఎక్కువగా చేసేది స్లైడ్ పిన్నుల్లో. తేలే రకం క్యాలిపర్‌లో పిస్టన్ ఒక వైపే ఉంటుంది. రెండో వైపు ప్యాడ్ డిస్కును తాకాలంటే క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జారాలి. పిన్ను బిగిస్తే లోపలి ప్యాడ్ ఒక్కటే పనిచేస్తుంది. చక్రం సందులోంచి చూస్తే బయటి ప్యాడ్ మందంగా, కొత్తదానిలా కనిపిస్తుంది, యజమాని తృప్తిగా వెళ్తాడు. లోపల రెండో ప్యాడ్ ఇనుము దాకా అరిగి డిస్కును కోస్తుంటుంది. కాబట్టి చక్రం విప్పి రెండు ప్యాడ్లూ చూడాలి, 3 మిల్లీమీటర్లకు చేరినవి మార్చాలి. పిన్నులకు సిలికాన్ బ్రేక్ గ్రీజే రాయాలి. మామూలు చాసిస్ గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, ఆరు నెలల్లో పిన్ను ముందుకంటే గట్టిగా పట్టేస్తుంది. డిస్కు అంచు మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే తగ్గిన డిస్కును లేత్‌కు పంపకూడదు, మార్చేయాలి.

ఏ చక్రం పట్టేస్తోందో తెలుసుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. కొంత దూరం నడిపి, బ్రేకులు తక్కువ వాడుతూ ఆపి, రెండు వెనక డిస్కుల వేడి పోల్చాలి. రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే, వేడిగా ఉన్నది వదలడం లేదు, లేదా చల్లగా ఉన్నది అసలు పట్టడం లేదు. జాకీ ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి చక్రం తిప్పి చూస్తే ఆ రెండింట్లో ఏదో తేలిపోతుంది.

పోటీ ప్యాడ్లు వేస్తే రోడ్డు మీద కూడా పట్టు పెరుగుతుందన్న అపోహ బాగా పాతుకుపోయింది. నిజానికి ట్రాకు కోసం తయారైన ప్యాడ్ వేడెక్కాకే పట్టు ఇస్తుంది. రోడ్డు మీద వెనక బ్రేకులు ఆ వేడికి చేరవు. ముందు సాధారణ ప్యాడ్లు ఉంచి వెనక పోటీ ప్యాడ్లు వేస్తే వెనక పట్టు తగ్గుతుంది, ముందు బ్రేకులకు పని ఇంకా పెరుగుతుంది, పైగా కీచు శబ్దం. దీనికి విరుద్ధంగా వెనక మాత్రమే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కరిచే ప్యాడ్ వేస్తే మలుపులో కారు తోక తిరగవచ్చు. ముందూ వెనకా ఒకే తయారీదారు ఒకే రకం ప్యాడ్లతో మొదలుపెట్టడం క్షేమం.

డ్రైవరుకు తెలియకుండా జరిగే బ్రేకింగ్

ఇప్పటిదాకా చెప్పింది పని తక్కువైన బ్రేకుల సంగతి. ఎలక్ట్రానిక్స్ వచ్చాక కొన్ని కార్లలో పరిస్థితి తలకిందులైంది, ముందు ప్యాడ్ల కంటే వెనక ప్యాడ్లే ముందు అరుగుతున్నాయి. స్థిరత్వం చూసే కంప్యూటర్ మలుపులో కారు జారబోతే ఏదో ఒక చక్రాన్ని పట్టుకుంటుంది. వెనక చక్రాలు నడిపే కారులో ఒక చక్రం తిరిగిపోతుంటే దాన్నే బ్రేకు వేసి, శక్తిని రెండో చక్రానికి పంపుతుంది. నెమ్మదిగా తొక్కిన బ్రేకులో కూడా కారు ముక్కు వాలకుండా వెనకవాటికి ఎక్కువ వాటా ఇస్తుంది. ట్రాకు మీద ఈ సాయాలన్నీ ఆన్‌లో పెట్టి వేగంగా నడిపితే, డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు ఉంచినప్పుడు కూడా వెనక బ్రేకులు కాలుతూనే ఉంటాయి. చిన్నవి, చాలాసార్లు గాలి సందులు లేని గట్టి డిస్కులు కాబట్టి అవి ముందువాటికంటే త్వరగా హద్దు దాటుతాయి.

ఆయిల్ మరిగితే పెడల్ నేల దాకా పోతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1కు అవి 260, 180. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలన్న నియమం ఈ పడిపోవడం వల్లే వచ్చింది. ట్రాకుకు వెళ్లే కారుకు రెండేళ్లు చాలా ఎక్కువ, సీజనుకు ఒకసారైనా మార్చాలి.

ట్రాకు మీద నుంచి వచ్చిన కారుకు హ్యాండ్ బ్రేకు వేయకూడదు. కాలుతున్న డిస్కు మీద ప్యాడ్ ఒకేచోట నొక్కుకుని ఉంటే ప్యాడ్ పదార్థం అక్కడ మచ్చలా అంటుకుంటుంది. తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా సీటులో వణుకు వస్తుంది, డిస్కు వంగిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి డిస్కు మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా వచ్చినా వణుకు తెలుస్తుంది. ముందు డిస్కుల వణుకు ఎక్కువగా స్టీరింగులో, వెనకవాటిది సీటులో తెలియడం గుర్తుపట్టడానికి పనికొస్తుంది. చివరి చుట్టు నెమ్మదిగా తిరిగి, కారును గేరులో ఉంచి దిమ్మలు పెట్టాలి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కొన్ని కార్లు ఇంజను ఆపగానే తామే బ్రేకు వేసుకుంటాయి. ఆ సదుపాయాన్ని ముందే ఆపుకోవడం ఎలాగో యజమాని పుస్తకంలో చూసుకోవాలి.

2005లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పస్సాట్ లాంటి కార్లతో క్యాలిపర్ మీద మోటారు ఉన్న ఈ రకం వ్యాపించింది. ఇందులో ప్యాడ్లు మార్చే ముందు స్కాన్ టూల్‌తోనో, తయారీదారు చెప్పిన బటన్ల వరసతోనో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. మోటారు మరను వెనక్కి తీసుకున్నాకే పిస్టన్ నొక్కాలి. బలవంతం చేస్తే మోటారు గేర్లు విరుగుతాయి. క్యాలిపర్ విప్పి ఉండగా ఎవరైనా పొరపాటున స్విచ్ లాగితే పిస్టన్ బయటికి తోసుకొస్తుంది, వేళ్లు నలుగుతాయి. పని పూర్తయ్యేదాకా తాళం కారులో ఉంచకపోవడం మంచిది.

డ్రమ్ము తీసి డిస్కు వేసేవారికి

ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 1993 దాకా వెనక డ్రమ్ములతోనే అమ్ముడైంది, 1994 కొత్త రూపంతో నాలుగు డిస్కులు వచ్చాయి. అందుకే పాత మస్టాంగ్‌కు వెనక డిస్కులు వేయడం అమెరికాలో ఎంతో ప్రచారం పొందిన మార్పు. చాలామంది క్యాలిపర్లు, డిస్కులు కొని తగిలించి, కారు ముందుకంటే బాగా ఆగడం లేదని నిరాశపడతారు. లోపం భాగాలది కాదు, మిగిలిన వ్యవస్థ ఇంకా డ్రమ్ముల కోసమే పనిచేస్తోంది. డ్రమ్ముకు తక్కువ ఒత్తిడి చాలు కాబట్టి, దాని ప్రపోర్షనింగ్ వాల్వ్ వెనకకు పోయే ఒత్తిడిని తొందరగానే కోసేస్తుంది. డిస్కుకు ఆ ఒత్తిడి సరిపోదు. క్యాలిపర్ నింపడానికి ఆయిల్ కూడా ఎక్కువ కావాలి, పాత మాస్టర్ సిలిండర్ చిన్నదైతే పెడల్ లోతుగా పోతుంది. కొన్ని పాత కార్లలో డ్రమ్ముల కోసం లైనులో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వ్ ఉంటుంది. దాన్ని తీయకపోతే డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి.

సర్దుబాటు చేసుకునే వాల్వ్ వేసినవారు దాన్ని ఎక్కడ సరిచేసుకుంటారన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. తడి నేల మీద వెనక చక్రాలు బిగుసుకోకుండా చూసుకుని సంతృప్తి పడితే, పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు అవే ముందు బిగుసుకుంటాయి. ఈ అధ్యాయం మొదట్లో చూసిన బరువు లెక్కే దానికి కారణం. పొడి రోడ్డు మీద వెనక బరువు మరింత తగ్గిపోతుంది. వెనక చక్రాలు ముందు బిగుసుకున్న కారు అడ్డం తిరుగుతుంది, ఏబీఎస్ లేని పాత కారులో దాన్ని తిరిగి దారికి తేవడం నిపుణుడికీ కష్టం. వాహనాలు లేని, విశాలమైన, పొడి నేల మీద, ముందు చక్రాలే మొదట బిగుసుకునేలా వాల్వ్‌ను ఉంచి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా వెనకకు ఒత్తిడి పెంచుకుంటూ, వెనకవి బిగుసుకునే స్థితికి బాగా ముందే ఆగాలి.

ఇంకో సూక్ష్మం. మస్టాంగ్ లాంటి కార్ల వెనక ఇరుసులు లోపల సి-ఆకారపు క్లిప్పులతో నిలుస్తాయి, పక్కకు కొద్దిగా కదులుతాయి. మలుపులో ఇరుసుతో పాటు డిస్కు కదిలి పిస్టన్లను వెనక్కి నెడుతుంది. స్థిర క్యాలిపర్ ఉంటే ఆ తర్వాతి బ్రేకుకు పెడల్ ఒక్కసారి లోతుగా పోతుంది. తేలే క్యాలిపర్ ఇరుసుతో పాటు జారుతుంది కాబట్టి ఈ ఇరుసులకు అదే నప్పుతుంది.

విద్యుత్ కార్లు వెనక బ్రేకుల కథను వేరే దిక్కుకు తిప్పుతున్నాయి. వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్రేకు పని చేస్తుంది, డిస్కుకు మిగిలేది అరకొర పనే, దాంతో తుప్పు. ఫోక్స్‌వాగన్ తన ఐడీ.3, ఐడీ.4 కార్లకు వెనక మళ్లీ డ్రమ్ములే ఎంచుకుంది, మూసి ఉన్న డ్రమ్ములో వాడకపోయినా రాపిడి తలం పాడవదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన పరుగెత్తిన మూడో తరం ఫార్ములా ఈ కార్లు ఇంకా దూరం వెళ్లాయి. సాధారణ హైడ్రాలిక్ బ్రేకులు వాటికి ముందు చక్రాలకే ఉన్నాయి, వెనక వేగం తగ్గించే పని మోటారుది. రోడ్డు మీది విద్యుత్ స్పోర్ట్స్ కారుకు వెనక డిస్కులుంటే, వాటిని అప్పుడప్పుడు గట్టిగా తొక్కి శుభ్రం చేయడం యజమాని అలవాటు చేసుకోవాలి.

చక్రం బిగించాక

పని చేసేటప్పుడు బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు, పాత కార్ల ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి. బ్రేక్ ఆయిల్ కారు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

చక్రాలు బిగించాక కారు కదిలించే ముందే పెడల్‌ను అది గట్టిపడేదాకా తొక్కాలి. వెనక్కి పంపిన పిస్టన్లు ప్యాడ్లను ఇంకా తాకి ఉండవు, మొదటి తొక్కుడుకు బ్రేకు అసలు ఉండదు. షెడ్డులోంచి రివర్సులో వస్తూ గోడకు కొట్టుకున్న కార్లలో చాలావాటి కథ ఇదే. తర్వాత రిజర్వాయరులో ఆయిల్ మట్టం చూడాలి. హ్యాండ్ బ్రేకును పలుమార్లు వేసి వదిలి, క్యాలిపర్ల మీది చేతులు రెండూ పూర్తిగా వెనక్కి వస్తున్నాయో లేదో ఇంకొకరి చేత చూపించుకోవాలి. కొత్త ప్యాడ్లను ఖాళీ రోడ్డు మీద మోస్తరు వేగం నుంచి పూర్తిగా ఆపకుండా పదిసార్లు దాకా తగ్గిస్తూ కుదుర్చుకుని, మధ్యలో చల్లబడే సమయం ఇవ్వాలి. ఇంటికి వచ్చాక రెండు వెనక డిస్కుల వేడి మళ్లీ కొలిచి, వారం తర్వాత చక్రాలు విప్పి నాలుగు ప్యాడ్లూ, పిస్టన్ల చుట్టూ ఉన్న రబ్బరు తొడుగులూ మరోసారి చూసుకోవాలి.